గడ్డం గ్రోత్ కిట్ విప్పి చూస్తే: ఏది పనికొస్తుంది, ఏది దండుగ

హనుమకొండ చౌరస్తా ఫ్యాన్సీ షాపుల్లో, మెడికల్ షాపుల కౌంటర్ల మీద, ఫోన్ యాప్‌లలో ఒక నల్లటి డబ్బా కనిపిస్తుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒక్కటే. 30 మి.లీ. నూనె సీసా, గడ్డం షాంపూ, బామ్ డబ్బీ, చెక్క దువ్వెన, సూదుల రోలర్. ఖరీదు పెరిగితే మినాక్సిడిల్ సీసా, బయోటిన్ గోలీలు కూడా ఉంటాయి. ట్రిమ్మర్ మాత్రం విడిగా కొనాలి. ఇది ఒక కంపెనీ గురించిన రివ్యూ కాదు, ఆ డబ్బాలో ఉండే ఒక్కో సామాను గురించి. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: డబ్బా మొత్తం కొనకండి. పెంచుతానని చెప్పే సామాను మీద కాకుండా, కత్తిరించే సామాను మీద పైసలు పెట్టండి.

ఎవరు కొంటున్నారో చూస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది. మన దగ్గర గడ్డం ఉంచుకునేవాళ్లందరికీ ఒకే కారణం లేదు. మొటిమల గుంతలు ఉన్నవాళ్లు, గదవ కింద కండ జారినవాళ్లు దాన్ని కప్పుకోవడానికి పెంచుతారు. నెత్తి పలచబడ్డవాళ్లు కింద నిండుగా ఉంటే ముఖం సరితూగుతుందని పెంచుతారు. గీసుకున్న ప్రతిసారీ మెడ నిండా ఎర్రటి గుల్లలు లేచేవాళ్లకు అది ఫ్యాషన్ కాదు, మందు. అయ్యప్ప మాల వేసినవాళ్లు 41 రోజులు కత్తి తాకనీయరు. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త గడ్డం తీయించుకోని ఇళ్లున్నాయి. ఇంట్లో చావు జరిగితే కర్మ దాకా ఆగుతారు. వేములవాడకు మొక్కుకున్నవాళ్లు అక్కడికి పోయేదాకా పెంచుతారు. ముస్లిం ఇళ్లలో పిడికెడు గడ్డం మతాచారం. వీళ్లలో ఎవరికీ ఈ డబ్బా అవసరం రాదు. కొనేది ఇంకొకరు: చెంపల మీద ఖాళీలు చూసుకుని దిగులుపడే పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసమే.

గడ్డాన్ని పెంచేది డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను. వెంట్రుక కుదుళ్లు దానికి ఎంత స్పందిస్తాయన్నది వంశాన్ని బట్టి ఉంటుంది. అదే హార్మోను కొందరికి నెత్తి మీద వెంట్రుకలను సన్నబరుస్తుంది, అందుకే బట్టతల వచ్చినవాళ్లకూ గడ్డం ఒత్తుగా ఉండటం చూస్తాం. మొదట మీసం వస్తుంది, చెంపలు పూర్తిగా నిండేది చివర్లో. చాలామందికి చెంపలు నిండేసరికి పాతికేళ్లు దాటుతాయి, కొందరికి ముప్పై కూడా వస్తాయి. ఇరవై ఏళ్లకు చెంప ఖాళీగా ఉండటం లోపం కాదు, ఇంకా టైం రాలేదంతే. వెంట్రుక రోజుకు 0.3 నుంచి 0.4 మి.మీ. పెరుగుతుంది. ఆ లెక్కన మాల వేసిన 41 రోజుల్లో 12 నుంచి 16 మి.మీ. దాకా వస్తుంది. మాల తీసిన రోజు అద్దంలో కనిపించేదే మీ ముఖం అసలు మ్యాప్: ఎక్కడ ఒత్తు, ఎక్కడ పలచన, ఎక్కడ సుడి. మాల వేయనివాళ్లు కూడా ఏమీ కొనకుండా ఆరు వారాలు వదిలేసి చూడండి. మాటిమాటికి గీస్తే ఒత్తుగా వస్తుందన్న మాట ఇంకా ప్రతి కటింగ్ షాపులో వినిపిస్తుంది. అది నిజం కాదని 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించారు. గీసిన వెంట్రుక కొన మొండిగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, కంటికి మందంగా కనిపిస్తుంది. కుదురు మాత్రం మారదు.

ఇక డబ్బా విప్పుదాం. ముందు నూనె.

సీసా మీద 'గ్రోత్ ఆయిల్' అని రాసి ఉంటుంది. ఆముదం, ఉల్లి, భృంగరాజ్ పేర్లు కనిపిస్తాయి. వీటిలో ఏదీ లేని చోట వెంట్రుక పుట్టిస్తుందని నమ్మదగ్గ రుజువు లేదు. అంత మాత్రాన నూనె పనికిరానిది కాదు, దాని పని వేరు. గడ్డం మొదలుపెట్టిన రెండో, మూడో వారంలో ముఖమంతా దురద పెడుతుంది. గీసినప్పుడు తెగిన గరుకు కొనలు వంగి చర్మాన్ని గుచ్చుకుంటాయి, పైగా కింద చర్మం ఎండిపోతుంది. గడ్డం వద్దనుకుని తీసేసేవాళ్లలో చాలామంది ఆ వారంలోనే తీసేస్తారు. అప్పుడు నూనె నిజంగా ఆదుకుంటుంది.

ఎంత వాడాలన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. అంగుళం లోపు గడ్డానికి 3 లేదా 4 చుక్కలు చాలు. స్నానం చేసి తువ్వాలతో అద్దుకున్నాక, ఇంకా కొంచెం తడి ఉన్నప్పుడు అరచేతుల్లో రుద్దుకుని, ముందు వేళ్లతో కింద చర్మానికి పట్టించాలి, తర్వాత వెంట్రుకలకు. ఒక మి.లీ.కి దాదాపు 20 చుక్కలు. రోజుకు 4 చుక్కలు వాడితే 30 మి.లీ. సీసా అయిదు నెలలు రావాలి. నెలలోనే అయిపోతే అవసరానికి అయిదు రెట్లు పోస్తున్నారన్నమాట. ఆ మిగులంతా దిండుకు, హెల్మెట్ పట్టీకి, ముక్కు పక్కన మొటిమలకు పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు చెమట ఎలాగూ ఉంటుంది, 2 చుక్కలకు దించండి, జిడ్డు చర్మమైతే ఆ రెండు నెలలు పూర్తిగా మానేయండి. డిసెంబరు చలికి మళ్లీ 4.

సీసా వెనక ఏముందో చదవండి. జోజోబా, ఆర్గాన్, బాదం నూనెలు ముందుంటే తేలిగ్గా ఇంకుతాయి. కొబ్బరి నూనె మొటిమలు వచ్చే చర్మానికి రంధ్రాలు మూసే రకం. ఆముదం ఒక్కటే రాస్తే జిగురుగా పట్టుకుని దుమ్మును లాగుతుంది, కడిగినా వదలదు. ఘాటైన వాసనలున్నవి కొన్ని ముఖాలకు మంటపెడతాయి. ముందు చెవి వెనక ఒక చుక్క రాసి ఒక రోజు చూడాలి.

షాంపూ విషయంలో మన నీళ్ల మాట రాకుండా ఉండదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఒంటి సబ్బుతో గడ్డం కడిగితే నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా వెంట్రుకలకు పట్టేస్తుంది. గడ్డం బిరుసెక్కి, నలుపు మాసి, దువ్వితే తెల్లటి పొడి రాలుతుంది. దాన్ని చుండ్రు అనుకుని ఇంకా ఎక్కువ సబ్బు రుద్దుతారు. మందు సులువు: సబ్బు మానేసి షాంపూ వాడటం. దానికి 'గడ్డం షాంపూ' పేరుతో ప్రత్యేకంగా ఉండనక్కరలేదు, నెత్తికి వాడే మామూలు షాంపూలో గాఢత తక్కువది చాలు. వారానికి 2 లేదా 3 సార్లు, మిగతా రోజులు ఉత్త నీళ్లు. చివరి కడుగు భగీరథ నల్లా నీళ్లతో చేసుకోగలిగితే మంచిది. డబ్బాలోని షాంపూ చెడ్డదేం కాదు, ధరే ఎక్కువ.

షాంపూ మార్చినా పసుప్పచ్చటి పొట్టు రాలుతుంటే, కనుబొమ్మల్లో, ముక్కు పక్కన కూడా అదే కనిపిస్తే, అది సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. చర్మం మీదుండే మలసీజియా అనే ఫంగస్ దానికి కారణం. ఆ ఫంగస్ నూనెల్లోని కొవ్వునే తిని బతుకుతుంది. అలాంటివాళ్లు 'ఎండిపోయింది' అనుకుని నూనె పోసేకొద్దీ అది పెరుగుతుంది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ గడ్డానికి పట్టించి, 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడగాలి. వారానికి రెండు సార్లు చొప్పున నెల దాకా వాడితే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మ విభాగం ఓపీకి పోండి, కిట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు కాదు.

బామ్ అంటే నూనెలో మైనం కలిపినది. అంగుళం దాటిన గడ్డం చెదరకుండా పట్టి ఉంచుతుంది. అంతకన్నా చిన్న గడ్డానికి దండుగ, మన ఎండాకాలంలో డబ్బీలోనే కరిగి నీళ్లవుతుంది కూడా. చెక్క దువ్వెన బాగుంటుంది, పళ్ల మధ్య గరుకు లేకుండా చూసుకుంటే చాలు. అది విడిగా తక్కువలోనే దొరుకుతుంది.

రోలర్ దగ్గర మాత్రం ఆగాలి. చిన్న చక్రానికి సన్నటి సూదులు, ఇంట్లో వాడేవి ఎక్కువగా 0.25 లేదా 0.5 మి.మీ. చర్మాన్ని గుచ్చితే రక్తం పారి వెంట్రుకలు వస్తాయని అమ్ముతారు. చవక రోలర్లలో సూదులు కొద్ది వాడకానికే వంగిపోతాయి. వంగిన సూది గుచ్చదు, గీరుతుంది. మొటిమల మీద తిప్పితే ఒకచోటి చీము ముఖమంతా పాకుతుంది. హాస్టల్ గదుల్లో ఒకే రోలర్‌ను నలుగురు వాడటం అన్నింటికన్నా ప్రమాదం, అది ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కించడమే. డబ్బాలో ఇది వస్తే పక్కన పెట్టేయండి.

మినాక్సిడిల్ ఒక్కటే ఈ డబ్బాలో నిజంగా మందు. నెత్తి మీది బట్టతలకు అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. గడ్డానికి వాడటం అనుమతి పొందిన వాడకం కాదు. కొందరికి పని చేస్తుంది, కానీ నెలల తరబడి రోజూ రాయాలి, మానేశాక వచ్చిన సన్న వెంట్రుకల్లో కొన్ని రాలిపోవచ్చు. ముఖం ఎండిపోయి పొరలు లేవడం, ఎర్రబడటం మామూలుగా కనిపించే ఇబ్బందులు. సీసాలో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటే దురద ఎక్కువ. గుండె దడ, తల తిరగడం, ముఖం లేదా కాళ్లు వాయడం కనిపిస్తే ఆ రోజే మానేసి డాక్టరుకు చూపించాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా ముట్టుకోవద్దు. రోలర్ తిప్పిన చర్మం మీద వెంటనే రాస్తే మందు రక్తంలోకి ఎక్కువగా పోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే అసలు తేవద్దు, అది కొంచెం నాకినా ప్రాణం మీదికి వస్తుంది. ఇరవై ఏళ్ల పిల్లలు అయిదేళ్లు ఓపిక పడితే వచ్చేదానికి ఈ మందు మొదలుపెట్టడం మాకు నచ్చదు.

బయోటిన్ గోలీల గురించి ఒకే మాట: మామూలుగా అన్నం తినేవాళ్లలో ఆ లోటు చాలా అరుదు, గడ్డానికి ఒరిగేదేమీ లేదు. పైగా ఎక్కువ మోతాదు థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ పరీక్షను తప్పుగా చూపించగలదు. మింగుతున్నవాళ్లు రక్తం ఇచ్చే ముందు డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు అసలు కొనాల్సినది, ట్రిమ్మర్. పలచటి గడ్డాన్ని నిండుగా చూపించేది నూనె కాదు, పొడవు, గీత. చెంపల మీద ఖాళీలున్నవాళ్లు పెంచేకొద్దీ ఖాళీ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే 3 నుంచి 5 మి.మీ. మధ్య ఉంచితే చర్మానికీ వెంట్రుకకూ తేడా తగ్గి ఒకటే నీడలా కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పు డబ్బా మొత్తం చేయలేని పని చేస్తుంది.

కొనేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. పొడవు 0.5 మి.మీ. మెట్లుగా మారుతుందా, 1 మి.మీ. మెట్లుగానా. 5 మి.మీ. లోపు గడ్డానికి అర మి.మీ. తేడా కంటికి తెలుస్తుంది. బ్యాటరీ లిథియం అయాన్‌దా కాదా. పాత నికెల్ రకాలు గంటల తరబడి చార్జింగ్ తీసుకుని, కొన్ని నెలలకే మధ్యలో ఆగిపోతాయి. తల నల్లా కింద కడగొచ్చా. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్షించినది, ఏ గుర్తూ లేకపోతే బ్రష్షుతోనే దులపాలి. చివరగా, బ్లేడు గానీ, పొడవు కోసం ట్రిమ్మర్‌కు తగిలించే దువ్వెన గానీ విరిగితే విడిగా దొరుకుతుందా. చక్రం తిప్పే దువ్వెనల కన్నా విడివిడిగా తగిలించే గట్టి దువ్వెనలు ఎక్కువ కాలం వస్తాయి. మెడ మీద గుల్లలు లేచేవాళ్లకు ఫిలిప్స్ వన్‌బ్లేడ్ లాంటివి నయం, చర్మానికి ఆనించి కోయవు కాబట్టి వెంట్రుక లోపలికి తిరగదు. దాని బ్లేడు దాదాపు నాలుగు నెలలకోసారి మార్చాలని కంపెనీయే చెబుతుంది, ఆ ఖర్చు కలిపి లెక్క చూసుకోండి.

వాడే తీరు. గడ్డం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి వెంట్రుక సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక చూస్తే అనుకున్నదానికన్నా పొట్టిగా తెగి ఉంటుంది. దువ్వెనతో కిందికి దువ్వి, అనుకున్న పొడవు కన్నా 3 మి.మీ. పెద్ద నంబరుతో మొదలుపెట్టి, వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా నడిపించాలి. 41 రోజుల గడ్డాన్ని సెట్ చేసేటప్పుడు 12 మి.మీ.తో మొదలుపెట్టి గదవ 9 దగ్గర ఆపండి, చెంపలు 7, చెవి ముందు భాగం 5, పైకి పోయేకొద్దీ 3. ఇలా అంచెలుగా తగ్గిస్తే ముఖం వెడల్పుగా కనిపించదు. మీసాన్ని కిందికి దువ్వి, పెదవి అంచు దాటినదాన్ని ట్రిమ్మర్‌తో కాకుండా చిన్న కత్తెరతో కోయాలి.

మెడ గీత దగ్గరే ఎక్కువ గడ్డాలు పాడవుతాయి. దవడ ఎముక వెంబడి గీత గీస్తే నిలబడి అద్దం చూసినప్పుడు బాగుంటుంది, తల కొంచెం వంచగానే కింద కండ బయటపడి గదవ రెండుగా కనిపిస్తుంది. గొంతు మీద ఎత్తుగా ఉండే ముడికి రెండు వేళ్లు పైన ఒక చుక్క అనుకోండి. రెండు చెవుల వెనక నుంచి ఆ చుక్క దాకా ఉయ్యాల తాడులా వంపు రావాలి. దాని కిందిది మొత్తం తీసేయాలి. చెంప గీతను మాత్రం ముట్టుకోకపోవడమే మేలు, అక్కడక్కడ పైకి వచ్చిన వెంట్రుకలు తీస్తే చాలు. రెండు పక్కలా సమానం చేయాలని అటు కొంచెం ఇటు కొంచెం కోస్తూ పోతే సగం గడ్డం పోతుంది. ఏ ముఖమూ రెండు పక్కలా ఒక్కలా ఉండదు. తేడా కనిపించగానే ఆపి, నాలుగైదు రోజులు ఆగితే రెండు మి.మీ. దాకా వెంట్రుక వస్తుంది, అప్పుడు సరిచేయొచ్చు.

ట్రిమ్మర్ వెంట్రుకను లాగుతోందంటే సగం సార్లు బ్లేడు మొద్దుబారలేదు, పళ్ల మధ్య నూనె, పొట్టు ఇరుక్కుంది. నూనె రాసిన గడ్డం మీద ట్రిమ్మర్ పెట్టకూడదనేది అందుకే. ప్రతిసారీ బ్రష్షుతో దులిపి, నెలకోసారి ట్రిమ్మర్‌తో వచ్చిన నూనె ఒక చుక్క బ్లేడు మీద వేసి పది సెకన్లు ఆన్ చేయాలి. కొబ్బరి నూనె వేస్తే చలికాలంలో గడ్డకట్టి మోటారును ఆపుతుంది.

భూపాలపల్లి, గోదావరిఖని గనుల్లో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ముఖానికి బిగుతుగా పట్టే దుమ్ము మాస్కు వేసుకునేవాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. మాస్కు అంచు ఆనే చోట రెండు మూడు రోజుల గడ్డం ఉన్నా సందుల్లోంచి దుమ్ము లోపలికి పోతుంది. వీళ్లు అంచులోపల ఇమిడే మీసం, గదవ మీద చిన్న గడ్డం ఉంచుకుని, అంచు కింద రోజూ నున్నగా గీసుకోవాలి. ఊపిరితిత్తుల ముందు అందం చిన్నది.

కటింగ్ షాపులో సెట్టింగ్ చేయించుకోవడం ఇంట్లో నేర్చుకునే మొదటి రెండు నెలలు మంచి పెట్టుబడి. మంచి చెయ్యి ఒక్కసారి మెడ గీత గీస్తే, ఆ తర్వాత దాని మీదుగా ఇంట్లో నడిపించుకోవచ్చు. మంగళవారం చాలా షాపులు బంద్, ఆదివారం రద్దీ, బుధ, గురువారాల పొద్దున పోతే తీరిగ్గా చేస్తారు. 'మీడియం' అని చెప్పకండి, ఒక్కో చేతికి ఒక్కో మీడియం. 'గదవ 9 మి.మీ., చెంపలు 7, మెడ గీత ఎముక మీద వద్దు అన్నా' అని నంబరుతో చెప్పండి. పిడికెడు గడ్డం ఉన్నవాళ్లకు ట్రిమ్మర్ దువ్వెనలు సరిపోవు, దువ్వెన మీద కత్తెర ఆడించే పాత చెయ్యి కావాలి. వరంగల్ మండిబజార్ వైపు అలాంటి చేతులను వెతకండి.

కుర్చీలో కూర్చున్నాక మూడు చూడాలి. ఉస్తరాలో సగం బ్లేడు మీ కళ్ల ముందే కొత్తది విరిచి పెట్టాలి, హెపటైటిస్ బి, సి పాత బ్లేడు మీద నుంచి రాగలవు. అందరి ముఖాలకూ రుద్దే ఒకే పటిక ముక్క వద్దనండి, సొంతది జేబులో పెట్టుకుపోవచ్చు. ఆఖర్లో 'టక్' మనేలా మెడ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ విసురుకు మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం లోపల చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి. వాళ్లు ప్రేమగానే చేస్తారు, మీరూ మర్యాదగానే వద్దనొచ్చు.

తెల్లబడ్డ గడ్డానికి రంగు వేసేవాళ్లకు చివరి మాట. నల్ల రంగుల్లో ఎక్కువగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది, 'నల్ల హెన్నా' అని అమ్మే పొడుల్లోనూ తరచుగా అదే. నెత్తికి ఏళ్లుగా పడినవాళ్లకు కూడా ఒకరోజు పడకపోవచ్చు, అప్పుడు కళ్లు మూసుకుపోయేలా ముఖం వాస్తుంది. మోచేయి లోపలి వైపు కొంచెం రాసి 48 గంటలు చూడాలి. ఆదివారం పెళ్లి ఉంటే బుధవారమే ఆ చుక్క పెట్టండి. శుక్రవారానికి ఎర్రబడకపోతే ఆ రోజు రంగు వేసుకోవచ్చు, చర్మానికి అంటిన మరక పోవడానికి శనివారం మిగులుతుంది.